చాయ్ తిండి కాదనుకున్నాం

ముందే చెప్తున్నాను, నా వంటకు ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు వయసు మీద పడి కాస్త తగ్గింది గానీ, సౌదీలో ఉన్న రోజుల్లో మరీ ఎక్కువ. ఖమీస్ ముషైత్‌లో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్లం, అందరం కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లమే. పగలంతా నాది కంబి పని. కొత్త బిల్డింగుల పిల్లర్లకు, స్లాబులకు కావలసిన ఇనుప చువ్వలను యార్డులో కోసి, వంచి ఇచ్చేవాణ్ణి. సాయంత్రం గదికి రాగానే చేతులు కడుక్కొని పొయ్యి ముందు నిలబడేవాణ్ణి.

గల్ఫ్ గదుల్లో మామూలుగా వంట వంతులవారీగా సాగుతుంది. ఇవాళ నువ్వు, రేపు నేను. మా గదిలోనూ మొదట అట్లాగే ఉండేది. నేను చేరిన కొత్తలో ఒక శుక్రవారం నా వంతు వచ్చింది, కోడికూర చేశాను. అది తిన్న తరువాత మిగతా ఐదుగురూ ఒక్క మాట మీదికొచ్చారు. "ఇగ మేం గిన్నెలు తోముతం, గది ఊడుస్తం, నీళ్ల క్యాన్లు మోస్తం. నువ్వు మాత్రం పొయ్యి కాడికెల్లి కదలకు" అన్నారు. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. అప్పటినుంచి ఆ గదికి వంటవాణ్ణి నేనే.

నా కూర అంటే ఎట్లా ఉండేదో కూడా చెప్పాలి. నూనె పైకి తేలకపోతే అది కూరే కాదని నా నమ్మకం. కోడి తోలు తీసేవాణ్ణి కాదు, రుచంతా అందులోనే ఉందని. మూడు పూటలా తెల్లటి బియ్యం అన్నం, దాని మీద ఇంటి నుంచి వచ్చిన మామిడికాయ తొక్కు. శుక్రవారం నాడు పెద్ద సీసా పెప్సీ. కూరగాయలు ఎప్పుడైనా దయ తలిస్తే వండేవాణ్ణి. ఇక పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని చాయ్ కాచడం. పెద్ద స్టీలు ఫ్లాస్కు ఒకటి ఉండేది. దాని నిండా చాయ్ పోసి, మూత బిగించి, పనికి వెళ్లే బండిలో పెట్టేవాణ్ణి. మధ్యాహ్నానికి అది ఖాళీ అయ్యేది.

ఆ ఐదుగురిలో ఒకడు కాక. సొంత కాక కాదు, మా పక్క మండలం మనిషి. యాభై దాటాడు, అందరికీ కాకే. స్కఫోల్డింగ్ కట్టేవాడు. పైపుల మీద పైపులు బిగించుకుంటూ ఐదో అంతస్తు దాకా ఎక్కిపోయి, అక్కడ నిలబడి కింద ఉన్న మమ్మల్ని పేరుపేరునా పిలిచి ఏడిపించేవాడు. నేను సౌదీలో దిగిన మొదటి వారం ఇల్లు గుర్తొచ్చి గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే, భుజం తట్టి లేపి, అన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టినవాడు కాకే. అది నేను మరిచిపోలేదు.

అప్పట్లో నితాఖత్ అనీ, లెవీ అనీ ఎక్కడ చూసినా అదే మాట. కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉంటే పచ్చ రంగు, లేకపోతే ఎర్ర రంగు. ఎరుపులో పడ్డ కంపెనీకి మేము అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులు రెన్యువల్ చేసే వీలుండదు. పైగా మనిషికి ఇంత అని ప్రతి నెలా లెవీ కట్టాలి, అది ఏటేటా పెరుగుతోంది. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, మంచివాడే గానీ చిన్న కంపెనీ, తట్టుకోలేకపోయాడు. ఒకరోజు అందరినీ నిలబెట్టి, "కంపెనీ ఎరుపులో పడింది. ఎవరైనా తీసుకుంటే వేరే కంపెనీకి మారండి, సంతకం పెడతాను. లేదంటే ఖురూజ్" అన్నాడు. ఖురూజ్ అంటే తట్టాబుట్టా సర్దుకొని ఇంటికి, మళ్లీ రావడం లేదు.

మా అదృష్టం బాగుండి, పచ్చలో ఉన్న పెద్ద కంపెనీ ఒకటి మమ్మల్ని అందరినీ తీసుకుంటానంది. కింద యార్డులో చేసే పనివాళ్లకు ఏ పరీక్షా లేదు, నా కాగితాలు పది రోజుల్లో అయిపోయాయి. ఎత్తు మీద పని చేసేవాళ్లకు మాత్రం డాక్టరు ఫిట్ అని రాసివ్వాలి. కాక నవ్వుకుంటూ క్లినిక్కుకు వెళ్లాడు. తోడుగా నేను, మా పక్క గదిలో ఉండే కడప డ్రైవర్ భాయ్ వెళ్లాం. భాయ్ ఆఫీసు కారు నడిపేవాడు, అరబ్బీ బాగా వచ్చు, మా గదిలోనే తినేవాడు.

పరగడుపున వేలు గుచ్చి చూస్తే కాకకు షుగర్ నూట ఎనభై ఆరు. బీపీ కూడా ఎక్కువే.

డాక్టరు ఈజిప్టు ఆయన. బట్టతల, మెడలో అద్దాలు. ఐదో అంతస్తు మీద కళ్ళు తిరిగితే ఏమవుతుందో చేత్తో చూపించాడు, బల్ల మీది నుంచి పెన్నును కిందికి పడేసి. తరువాత ఏమేం తింటావని అడిగాడు. కాక నా వంటంతా గొప్పగా వర్ణించాడు. భాయ్ అరబ్బీలో చెప్తున్న కొద్దీ డాక్టరు కనుబొమలు పైకి పోతున్నాయి. ఎవరు వండుతారని అడిగితే కాక మురిసిపోతూ నన్ను చూపించాడు. డాక్టరు నన్ను కిందికీ మీదికీ చూసి ఏదో పెద్దగా అన్నాడు.

"ఏమంటున్నడు?" అన్నాను భాయ్‌తో.

"వద్దులే అన్నా, నీకు బాధయితాది."

"చెప్పు భాయ్, ఏం గాదు."

"ఈయన్ని చంపేది షుగర్ కాదంట. నువ్వేనంట."

నా మొహం మాడిపోయింది. ఇంతమంది నోరారా మెచ్చుకున్న వంట! డాక్టరు అదేమీ పట్టించుకోలేదు. ఒక కాగితం తీసుకొని గుండ్రంగా పళ్లెం బొమ్మ గీశాడు. సగం పళ్లెం కూరగాయలు, ఆకుకూరలు. పావు పళ్లెం పప్పో, చేపో, తోలు తీసిన కోడో. మిగతా పావే అన్నమైనా రొట్టైనా. నూనె, ఉప్పు, తొక్కు తగ్గించాలి, పెప్సీ అసలు వద్దు, రోజూ నడవాలి. రెండు రకాల మాత్రలు రాశాడు. మిఠాయిలు తింటావా అని అడిగితే కాక చేతులు ఊపాడు. "తీపి నాకు పడదు సార్. పండుగ నాడు కూడ ముట్ట" అన్నాడు. అది నిజమే. డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. నెల తరువాత మళ్లీ చూస్తానన్నాడు. కొత్త కంపెనీ కాక ఫైలును నెలన్నర ఆపుతానంది, అప్పటిదాకా కాకకు పాత సైటులోనే పని. ఆ లోపల అంకె నూట ముప్పై కిందికి దిగితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి.

కారులో కాక మందుల చీటీని మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. కొడుకు డిప్లొమా చదువుతున్నాడు, ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లు గడిస్తే చాలని ఎప్పుడూ అనేవాడు. గది దగ్గర దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పండ్లు ఊడినంక ఇంటికి పోత గని బిడ్డా, గిట్ల రోగం పట్టుకొని పోను. ఊరంతా పలకరియ్యనీకి వస్తది. నా వల్ల గాదు."

"నేనున్న గద కాకా" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు కొంచెం కూడా అనుమానం లేదు.

పళ్లెం బొమ్మను పొయ్యి పక్కన గోడకు అతికించాను. కోపం మాత్రం పోలేదు. ఆ డాక్టరుకు చూపిస్తాను, మనిషిని బతికించే వంట కూడా నాకు వచ్చని చూపిస్తాను అనుకున్నాను. పట్టుదలతో మొదలుపెట్టిన పనే గానీ ప్రేమ లేకుండా మాత్రం కాదు.

ఆ శుక్రవారం భాయ్ మమ్మల్ని పాత సంతకు తీసుకెళ్లాడు. ఖమీస్ అంటేనే గురువారం. ఒకప్పుడు గురువారం సంత జరిగేది కాబట్టే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. మేము అన్నేళ్లు అక్కడుండి కూడా సంతలో ధాన్యం అమ్మే వైపు ఎప్పుడూ పోలేదు. బియ్యం సంచి సూపర్ మార్కెట్లో దొరుకుతుంటే ఇక అటెందుకు పోతాం? తేనె, నెయ్యి డబ్బాలు దాటి లోపలికి పోతే, తల చుట్టూ ఏదో సువాసన ఆకుల దండ చుట్టుకున్న ఒక ముసలాయన బస్తాల మధ్య కూర్చొని ఉన్నాడు. కాక ఒక బస్తా దగ్గర ఆగిపోయాడు. మణికట్టు దాకా చెయ్యి లోపలికి పెట్టి, గుప్పెడు గింజలు తీసి, నాలుగు నోట్లో వేసుకొని పటపట కొరికాడు.

"జొన్నలు రా!" అని కేక పెట్టాడు. "ఓరి నీ! పచ్చజొన్నలు గాదు, తెల్లజొన్నలు!"

చుట్టుపక్కల వాళ్లంతా తిరిగి చూశారు. ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు. భాయ్ కనుక్కుని చెప్పాడు, అక్కడివాళ్లు దాన్ని దుర్రా అంటారట. కింద తిహామా వైపు కొండల దిగువన పండుతుందట. వాళ్ల తాతల కాలం నుంచి దాంతోనే రొట్టె. పక్క బస్తాలో సజ్జలు కూడా ఉన్నాయి. ముసలాయన ఇంకో గుప్పెడు తీసి కాక చేతిలో పోసి, తినమని సైగ చేశాడు.

"మా పక్కన కూడా ముందు సంగటేనబ్బా" అన్నాడు భాయ్. "మా అమ్మ సంగటి పెడితే నేను యేడ్చి వరన్నం అడిగేటోణ్ణి."

"మరి నేను?" అన్నాడు కాక. "మా నాయిన జొన్న గటక పోస్తే గిన్నె తన్నిన. బియ్యం బువ్వ కావాలె అని. సౌదీకి వచ్చినంక మూడు పూటల బియ్యం బువ్వ తింటుంటే, ఇగ గెలిచిన అనుకున్న."

ఆ మాటకు నేనూ ఆగి ఆలోచించాను. మా ఇళ్లలో ఒకప్పుడు వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో. ఎవరైనా మూడు పూటలా అన్నం తింటున్నారంటే వాళ్లు ఉన్నవాళ్లన్న మాట. అందుకే చేతిలో నాలుగు రియాళ్లు పడగానే మేమంతా అన్నం మీద పడ్డాం. ఆకలితో కాదు, ఆశతో తిన్నాం. ఈ సంగతి ఏ డాక్టరూ మాకు చెప్పలేదు, ఆ బస్తా ముందు నిలబడ్డప్పుడు మాకే తెలిసింది. ముసలాయన అక్కడే పిండి మర ఉందని చూపించాడు. పది కిలోలు పట్టించుకొని వచ్చాం. సంత చివర ఒకామె గంగవాయిలి కూర కట్టలు కట్టి అమ్ముతుంటే కాక అవి కూడా ఒళ్లో నింపుకున్నాడు. ఇంటి దగ్గర చేను గట్ల మీద ఊరికే దొరికే కూర అది.

రొట్టె చేయడం మాత్రం నాకు రాదు. మా ఇళ్లలో అది ఆడవాళ్ల పని, నేను ఎన్నడూ అటు చూసినవాణ్ణి కాదు. గోధుమ పిండిలాగే చన్నీళ్లు పోసి కలిపాను. కర్రతో ఒత్తబోతే ముక్కలు ముక్కలైంది. పెనం మీద వేస్తే అంచులు మాడి, నడుమ పచ్చిగా మిగిలింది. మొదటిరోజు కాక పళ్లెంలో పెట్టింది రొట్టె కాదు, పగిలిన పెంకులు. గంగవాయిలి పప్పులో అద్దుకొని కాక ఒక్కొక్క పెంకే నమిలాడు. దవడల చప్పుడు నాకు వినిపిస్తోంది.

"ఎట్లున్నయి కాకా?"

"మంచిగున్నయి రా" అన్నాడు. ఒక్క ముక్క మిగల్చలేదు.

మర్నాడు ఫోనును పప్పు డబ్బాకు ఆనించి, మా ఆవిడకు వీడియో కాల్ చేశాను. సంగతి విని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూనే ఉంది. "పెండ్లయి పన్నెండేండ్లాయె, ఒక్కనాడన్న పొయ్యి కాడికి వచ్చినవా? ఇప్పుడు సౌదీల రొట్టె కొడుతున్నవా!" అని దెప్పింది. నవ్వడం అయ్యాక నేర్పింది. నీళ్లు బాగా మసలాలి, వేడి వేడి నీళ్లే పిండిలో పోయాలి, చెయ్యి కాలినా సరే మెదపాలి, అప్పుడే జిగురొస్తుంది. కర్ర పనికిరాదు, పొడి పిండి చల్లుకొని అరచేత్తో తట్టుకుంటూ తిప్పాలి. పెనం మీద వేశాక పైన తడి చేత్తో నీళ్లు పూయాలి. చేతులు బొబ్బలెక్కాయి. వారం తిరిగేసరికి నా రొట్టె పొంగింది. అది పొంగిన రోజు నేను అరిచిన అరుపుకు పక్క గదివాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

అప్పటినుంచి కాకకు పూటకు రెండు రొట్టెలు. గోడ మీది బొమ్మ ప్రకారం సగం పళ్లెం బెండకాయో, సొరకాయో, పాలకూరో. పావు పప్పు. కోడైతే తోలు తీసి, చెంచాడు నూనెతో. తొక్కు జాడీని మంచం కిందికి తోసేశాను. మజ్జిగకు బదులు అక్కడ సీసాల్లో దొరికే ఉప్పు లేని లబన్. రాత్రి మాత్ర వేసుకున్నాడా లేదా అని నేనే అడిగేవాణ్ణి. పొద్దు గూకే వేళ భాయ్, కాక ఇద్దరూ కొండ వైపు రోడ్డు మీద నడిచొచ్చేవాళ్లు. అక్కడ కోతులు గోడల మీద కూర్చొని ఉండేవి. వాటికీ మనకూ ఒకే తిండైతే వాటికి షుగర్ ఎందుకు రాదురా అని కాక వచ్చి అడిగేవాడు. మూడో వారానికి కాక ప్యాంటు వదులైంది. తాడు కట్టుకున్నాడు. మనిషి మొహంలో కళ వచ్చింది.

మిగతా మాకు మాత్రం పాత వంటే. పొయ్యి మీద రెండు గిన్నెలు, ఒకటి కాకది, ఒకటి మాది. నేను కాక కూర రుచి చూసి, చప్పగా ఉందని మొహం చిట్లించి, మా గిన్నెలోంచి నాలుగు గరిటెలు ఎక్కువే వేసుకునేవాణ్ణి. నాకేం రోగం? నలభై కూడా నిండలేదు.

నెల తిరిగింది. క్లినిక్కుకు పోయేటప్పుడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. డాక్టరు ఏమంటాడో వినాలని. నర్సు కేరళ సిస్టర్, హిందీలో మాట్లాడేది. కాక వేలు గుచ్చింది. మీటరు చూసి, మళ్లీ గుచ్చింది.

నూట డెబ్బై తొమ్మిది.

డాక్టరు ముందు మాత్రలు అడిగాడు. అన్నీ వేసుకున్నాడు, ఖాళీ అట్టలు చూపించాం. తిండి అడిగాడు. నేను రోజూ రాసుకున్న కాగితం తీసి భాయ్ చేతికిచ్చాను, భాయ్ ఒక్కొక్కటే చదివి చెప్పాడు. డాక్టరు నా వైపు చూసి, బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు. నాకు అది సంతోషం కలిగించలేదు. మరి ఎందుకు దిగలేదు?

"పొద్దున ఏమైనా తిని వచ్చావా?" అని సిస్టర్ హిందీలో కాకను అడిగింది.

"కుచ్ నహీ సిస్టర్. పరగడుపే. నా కొడుకు మీద ఒట్టు."

"చాయ్?"

"చాయ్ పియా" అన్నాడు కాక, అదేం అడిగే మాటా అన్నట్టు.

మా దగ్గర ఒక్కపొద్దు ఉన్నవాడు కూడా చాయ్ తాగుతాడు. శనివారం ఉపవాసం పట్టినవాడు పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదంటాడు, నాలుగు చాయ్‌లు తాగే ఉంటాడు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు. చాయ్ తిండి కాదు కదా. నేను నెల రోజులుగా రాసిన కాగితంలో కూడా చాయ్ ఎక్కడా లేదు, రాయాలని నాకు తట్టనేలేదు.

రోజుకు ఎన్ని అని అడిగితే కాక వేళ్లు మడిచాడు. లేవగానే ఒకటి, బండి ఎక్కేముందు ఒకటి, పైకి ఎక్కేముందు, దిగినంక... ఎనిమిది దగ్గర ఆగాడు. చక్కెర ఎంత అని సిస్టర్ అడిగింది. కాక నా వైపు చూశాడు. చాయ్ కాచేది నేను.

అప్పుడు నేను నోరు విప్పక తప్పలేదు. ఫ్లాస్కులో చక్కెర ఎప్పటిలాగే వేస్తున్నాను. అంతే కాదు. కాక ఆ చప్పటి కూరలు, రొట్టెలు గొణగకుండా తింటుంటే నాకు జాలేసేది. పాపం, చాయ్ అయినా మంచిగా తాగనీ అని, కాక గ్లాసులో మాత్రం గట్టి తియ్యటి డబ్బా పాలు రెండు చెంచాలు ఎక్కువ కలిపి ఇస్తున్నాను, నెల రోజులుగా, రోజూ.

భాయ్ అది అరబ్బీలో చెప్పేసరికి డాక్టరు పెన్ను బల్ల మీద పడేసి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఈసారి ఏమన్నాడో నేను అడగలేదు. ఇంకా రెండు వారాలే మిగిలాయి.

బయటికొచ్చాక నాకు కాక మొహం చూడాలంటే భయమేసింది. మెట్ల మీదే కూర్చొని, "నేనే ముంచిన కాకా" అన్నాను. నిజంగానే ఏడ్చాను. కాక నా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు ప్రేమతోని పోసినవు, నేను ప్రేమతోని తాగిన. ఇద్దరికి దిమాక్ లేదు. లెవ్వు" అన్నాడు.

ఆ సాయంత్రమే గదిలో ప్రకటించాను. రేపటి నుంచి ఫ్లాస్కులో చక్కెర పడదు. కావలసినవాడు తన గ్లాసులో తాను వేసుకోవాలి. గొడవ గొడవైంది. "ఒక్కని కోసం అందరి నోరు కట్టేస్తవా?" అని ఒకడు లేచాడు. "నోరు కట్టలే, డబ్బా నీ చేతికిచ్చిన, వేసుకో" అని నేనూ గట్టిగానే అరిచాను. ఒక పూట నాతో ఎవరూ మాట్లాడలేదు. రెండోరోజుకు సర్దుకున్నారు. చక్కెర డబ్బా ఫ్లాస్కు పక్కన వేరుగా నిలబడింది. కాకకు పాలు లేని ఎర్ర చాయ్‌లో పుదీనా వేసి, రోజుకు మూడే గ్లాసులు. మొదటి గుక్క తాగినప్పుడు కాక పెట్టిన మొహం చూసి నవ్వలేక చచ్చాను. నా గ్లాసులో నేను మూడు చెంచాలు వేసుకున్నాను.

ఆ రెండు వారాలు నేను రోజూ గోడ మీది క్యాలెండరు చూస్తూ బతికాను. కాక మాత్రం మునుపటిలాగే పొద్దున్నే లేచేవాడు, నడిచొచ్చేవాడు, తినేవాడు, నిద్రపోయేవాడు. ఒక్కసారే అన్నాడు, "ఇంటికి పోయినా రొట్టె తింటనే బతుకుత రా, భయపడకు." నాకు భయం పోలేదు.

చివరి రోజు తెల్లవారుజామునే లేచాం. కాకతోపాటు నేనూ ఏమీ ముట్టలేదు, చాయ్ కూడా. ఆయన ఆకలితో పోతుంటే నేను ఎట్లా తాగుతాను? సిస్టర్ తలుపు తెరిచేసరికి మేమే ముందున్నాం. వేలు గుచ్చింది. మీటరు మీద అంకె తిరుగుతున్నంతసేపూ నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"ఏక్ సౌ అఠారా" అంది సిస్టర్.

నూట పద్దెనిమిది! బీపీ కూడా దారికొచ్చింది. భాయ్ "యా అల్లా!" అని అరిచి కాకను ఎత్తినంత పని చేశాడు. డాక్టరు ఫిట్ అని రాసి ముద్ర గుద్దిన కాగితాన్ని కాక రెండు చేతులతో తీసుకొని కళ్ళకద్దుకున్నాడు. మాత్రలు మానకు, తిండి మార్చకు, మూడు నెలలకోసారి రా అని డాక్టరు చెప్తుంటే, కాక ప్రతి మాటకూ తల ఊపుతున్నాడు. నేను ఆ డాక్టరు వైపు ఛాతీ విరుచుకొని చూశాను. అవును మరి, ఎవరి వంట అనుకున్నారు?

సిస్టర్ మీటరు సర్దుతూ నా వైపు చూసింది. "తుమ్ భీ ఉంగ్లీ దో. ఖాలీ పేట్ హో నా?" అంది. నువ్వూ పరగడుపే కదా, వేలియ్యమని. నాకెందుకు అన్నాను. కాక నా చెయ్యి పట్టి ముందుకు లాగి, "ఇయ్యి రా, ఏమైతది. దొరబిడ్డవా?" అని నవ్వాడు. వేలు చాపాను.

నూట తొంభై ఒకటి.

కాకకు మొదటిసారి వచ్చినదాని కంటే ఐదు ఎక్కువ. సిస్టర్ మళ్లీ గుచ్చలేదు. డాక్టరు ఈసారి నన్ను తిట్టలేదు. నెమ్మదిగా ఒక కాగితం లాక్కొని, గుండ్రంగా పళ్లెం బొమ్మ గీసి, దాన్ని సగం చేసి, సగాన్ని మళ్లీ సగం చేసి నా చేతికిచ్చాడు. ఆ బొమ్మ నెలన్నరగా మా పొయ్యి పక్కన గోడకు, నా కళ్ళ ముందే అతికించి ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

గదికొచ్చి త్వరగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గిన్నెల చప్పుడుకు మెలకువ వచ్చింది. పొయ్యి ముందు కాక నిలబడి ఉన్నాడు, నడుముకు తాడు, చేతులకు పిండి. ఫ్లాస్కు నిండింది, మూత బిగించి ఉంది. పెనం మీద రొట్టె ఒకటి అడ్డదిడ్డంగా, దేశపటంలా కాలుతోంది. చక్కెర డబ్బా ఉండే చోట లేదు. కొత్త కంపెనీలో కాకకు అది మొదటి రోజు, ఐదు గంటలకే లేచి ఈ పనంతా పెట్టుకున్నాడు.

"కాకా, నేను చేస్త, జరుగు" అన్నాను.

"కూసో" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "ఇగ పొద్దుగాలి పూట పొయ్యి నాది."

పుదీనా వేసిన ఎర్ర చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. పళ్లెంలో రెండు పెంకులు వేసి, ముందు కూర్చొని నా మొహమే చూస్తున్నాడు. ఒక ముక్క విరిచాను. అంచు మాడింది, నడుమ పచ్చిగా ఉంది. నా దవడల చప్పుడు గదంతా వినిపించింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మంచిగున్నది కాకా" అన్నాను.